ఆఖరి కారుకు ఆయుష్షెంత?

రిటైర్మెంట్ డబ్బుతో కొనే బండి ఎన్నాళ్లు మన్నుతుందన్నది ఇంజన్ ఒక్కదాని చేతిలో లేదు. చట్టం, కంపెనీ, పెట్రోలు, చివరకు మన మోకాళ్లు కూడా అందులో భాగస్వాములే

ప్రభుత్వానికి 15 అనే అంకె మీద మక్కువ ఎక్కువ. కేంద్ర ప్రభుత్వోద్యోగి రిటైరైనప్పుడు పింఛనులో 40 శాతం దాకా కమ్యూట్ చేసుకుని ఏకమొత్తం తీసుకుంటే, నెలనెలా ఆ కోత 15 ఏళ్లు కొనసాగుతుంది. ఆ మొత్తంలోంచి తీసి కారు కొంటే దాని రిజిస్ట్రేషన్ గడువూ 15 ఏళ్లే. అంటే 60వ ఏట రిటైరైన వ్యక్తికి 75 వచ్చేసరికి పూర్తి పింఛను తిరిగి మొదలవుతుంది, సరిగ్గా అప్పుడే కారు కాగితాలకు కాలం చెల్లుతుంది. జీవితంలో కొనే ఆఖరి కారు గురించి ఆలోచించేవారు ముందుగా గుర్తుంచుకోవలసిన లెక్క ఇదే.

కానీ షోరూంకి వెళ్లే పెద్దలు సాధారణంగా అడిగే ప్రశ్న వేరు. 'ఏ ఇంజన్ గట్టిది? ఎన్ని లక్షల కిలోమీటర్లు నడుస్తుంది?' ముప్పయ్యేళ్లు ఉద్యోగం చేసి కూడబెట్టిన సొమ్ముతో కొంటున్నారు కాబట్టి ఆ జాగ్రత్త సహజమే. కాకపోతే ప్రశ్న గురి తప్పింది. రిటైరైన మనిషి నెలకు 400 కిలోమీటర్లు తిరిగితే గొప్ప. బ్యాంకు, ఆస్పత్రి, గుడి, కూరగాయల మార్కెట్, ఏడాదికి రెండు మూడు పెళ్లిళ్లు. ఆ లెక్కన ఏడాదికి 5,000, పదిహేనేళ్లకు 75,000 కిలోమీటర్లు. నగరంలో క్యాబ్ డ్రైవర్ రెండు మూడేళ్లలో దాటేసే దూరం అది. ఈనాటి మామూలు పెట్రోల్ ఇంజన్ ఏదైనా అంత దూరం అవలీలగా లాగుతుంది. రిటైరైనవారి కారు తిరిగి తిరిగి అరిగిపోదు. నిలబడి నిలబడి పాడవుతుంది. లేదా కారు నిక్షేపంగా ఉండగానే చట్టమో, కంపెనీయో, మార్కెట్టో దాన్ని ముసలిదాన్ని చేస్తాయి.

దక్షిణాసియాలో ఎక్కువకాలం మన్నిన బండ్ల చరిత్ర చూస్తే ఈ సంగతి స్పష్టంగా తెలుస్తుంది. 1983 డిసెంబరులో మొదటి తాళంచెవి అందుకున్న మారుతి 800 మూడు దశాబ్దాలు తయారైంది. 1986లో దానికి వచ్చిన కొత్త రూపమే కొద్ది మార్పులతో పాకిస్తాన్‌లో సుజుకీ మెహ్రాన్ పేరిట 1989 నుంచి 2019 దాకా కొనసాగింది. సరిహద్దుకు రెండు వైపులా మధ్యతరగతి నమ్ముకున్నది ఒకే బండినన్న మాట. దానికంటే ముందు బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో వచ్చిన అంబాసిడర్ 2014 దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైంది. ఇవి లోకంలోకెల్లా గొప్ప ఇంజనీరింగ్ కావు. ప్రతి తాలూకా కేంద్రంలో స్పేర్ పార్టులు దొరికాయి, చెట్టు కింద షెడ్డు వేసుకున్న మెకానిక్కు కూడా బాగుచేయగలిగాడు. వాటి దీర్ఘాయువు రహస్యం అంతే.

వాటి ముగింపులోనూ ఒక పాఠం ఉంది. మారుతి 800ని 2010 ఏప్రిల్‌లో పెద్ద నగరాల మార్కెట్ల నుంచి ఉపసంహరించారు. అప్పుడే అమల్లోకి వచ్చిన బీఎస్-4 కాలుష్య ప్రమాణాలకు దాన్ని మార్చే ఉద్దేశం కంపెనీకి లేకపోయింది. ఇంజన్ అలసిపోలేదు, నిబంధన మారిందంతే. ఆ బండ్ల మీద బెంగపడనక్కర్లేదు కూడా. ఎయిర్‌బ్యాగులు లేని రేకు డబ్బాలో 70 ఏళ్ల మనిషి జాతీయ రహదారి ఎక్కడం మన్నిక కిందికి రాదు.

నిబంధన ఎంత త్వరగా బండిని ముసలిదాన్ని చేయగలదో ఢిల్లీని అడగాలి. దేశ రాజధాని ప్రాంతంలో పదిహేనేళ్లు దాటిన వాహనాలు నడపరాదని 2014లో, పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు నడపరాదని 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు ఆ వైఖరినే బలపరిచింది. 2025 జూలై 1న అలాంటి బండ్లకు బంకుల్లో ఇంధనమే పోయకూడదన్నారు. జనం గగ్గోలు పెట్టడంతో రోజుల వ్యవధిలోనే ఆ నిర్ణయం ఆగిపోయింది. ఆగస్టు 12న సుప్రీంకోర్టు యజమానులపై కఠిన చర్యలు వద్దంది. డిసెంబరు 17న ఆ రక్షణను బీఎస్-4, ఆపై ప్రమాణాల బండ్లకే పరిమితం చేసింది. ఒక్క ఏడాదిలో ఇన్ని మలుపులు. లక్ష కిలోమీటర్లు కూడా తిరగని డీజిల్ కార్లను వయసు అనే ఒక్క కారణంతో కారుచవకగా వదిలించుకున్నవారిలో రిటైరైన ఉద్యోగులూ తక్కువేం కాదు.

ఇది ఢిల్లీ గొడవ, మనకెందుకు అనుకోవడానికి లేదు. కేంద్ర సర్వీసుల్లో పనిచేసిన తెలుగువారెందరో ఢిల్లీలో కొన్న కారుతోనే హైదరాబాద్‌కో విశాఖపట్నానికో తిరిగొస్తారు. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని 12 నెలలకు మించి మరో రాష్ట్రంలో ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతోంది. పాత రాష్ట్రం నుంచి నిరభ్యంతర పత్రం, కొత్త రాష్ట్రంలో మళ్లీ పన్ను, మధ్యలో ఆర్టీఏ కార్యాలయం చుట్టూ ప్రదక్షిణలు. 2014 విభజన తర్వాత హైదరాబాద్‌లో ఉద్యోగం చేసి గుంటూరులోనో కాకినాడలోనో స్థిరపడేవారికీ ఇదే వర్తిస్తుంది. కాబట్టి ఏ కారు అన్న ప్రశ్న కంటే ముందు ఏ ఊరు అన్నది తేలాలి. ఇల్లు ఎక్కడో నిర్ణయించుకోకుండా రిటైర్మెంట్ నెలలోనే కారు కొనడం తొందరపాటు.

మిగతా దేశంలో నిబంధన కొంత మెత్తగా ఉంది. సొంత కారుకు 15 ఏళ్లు నిండితే అది తుక్కు కింద పోవాలని ఎక్కడా లేదు. 2021లో ప్రధాని ప్రకటించిన స్క్రాపేజీ విధానంలో తప్పనిసరి తుక్కు ప్రభుత్వ వాహనాలకే వచ్చింది, 2023 ఏప్రిల్ నుంచి. ప్రైవేటు కారు ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గితే మరో ఐదేళ్లు రెన్యువల్ చేస్తారు. అయితే ఆ రెన్యువల్ రుసుము 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుంచి ఒక్కసారిగా 5,000కి చేరింది. 2025 ఆగస్టులో, 20 ఏళ్లు దాటిన కార్లకు దాన్ని 10,000 చేశారు. పాత బండిని నిషేధించకుండానే దాని యజమాని విసిగిపోయేలా చేయడం ప్రభుత్వం ఎంచుకున్న దారి. అందువల్ల 15 ఏళ్ల తర్వాత మిగిలేదంతా బోనస్ అనుకుని లెక్క వేసుకోవడం మంచిది.

చట్టం తర్వాతి భాగస్వామి కంపెనీ. ఈ దేశంలో కారుకంటే ముందే కంపెనీ కన్నుమూసిన సందర్భాలు చాలా ఉన్నాయి. 2000ల మొదట్లో దేవూ కుప్పకూలినప్పుడు మాటిజ్, సియెలో యజమానులు స్పేర్ పార్టుల కోసం తుక్కు బజార్ల మీద పడ్డారు. షెవ్రోలే కార్లు అమ్మిన జనరల్ మోటార్స్ 2017 చివర్లో అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో భారత మార్కెట్ కోసం కార్లు తయారు చేయడం మానుకుంటున్నట్టు ప్రకటించింది. నిస్సాన్ తన డాట్సన్ బ్రాండును 2022లో చాపచుట్టింది. వీటిలో కొన్ని దృఢమైన కార్లే. సర్వీసు కొనసాగిస్తామని వెళ్లిపోయిన కంపెనీలు మాట ఇచ్చాయి కూడా. కానీ జిల్లా కేంద్రంలో షోరూం మూతపడ్డాక ఆ మాట తీర్చుకోవడానికి నగరం దాకా వెళ్లాలి. ముప్పయ్యేళ్ల కుర్రాడికి అది విసుగు, డెబ్భయ్యేళ్ల మనిషికి అది ప్రయాణం.

దీనికి సులువైన పరీక్ష ఒకటుంది. మీ ఊరి రైల్వే స్టేషన్ ముందు పది నిమిషాలు నిలబడి క్యాబ్‌ల వరసను గమనించండి. బండి మీద బతికేవాడు ప్రకటనలు చూసి కొనడు. మరమ్మతుకు రోజు పోతే కిస్తీ కట్టలేడు కాబట్టి పార్టు సాయంత్రానికల్లా దొరికేదే కొంటాడు. దేశమంతటా ఆ వరసలో డిజైర్, వేగన్-ఆర్, ఇన్నోవాలే ఎక్కువ కనిపించడం యాదృచ్ఛికం కాదు. అదే కారు కొనమని కాదు. మార్కెట్లో నాలుగైదేళ్లుగా ఉండి, మీ ఊళ్లో నలుగురు మెకానిక్కులకు చేతి వాటమైన మోడల్ కొనమని. కొత్తగా విడుదలైన మోడల్‌లో మొదటి ఏడాది బయటపడే లోపాలను దిద్దించే బాధ్యత రిటైరైనవారు తలకెత్తుకోనక్కర్లేదు.

ఇక పెట్రోలా, డీజిలా, కరెంటా? ఏడాదికి 5,000 కిలోమీటర్ల వాడకానికి డీజిల్ లెక్క కుదరదు. 2025 నాటి హైదరాబాద్ ధరల్లో లీటరు పెట్రోలు 107, డీజిల్ 96 రూపాయలు. పెట్రోలు కారు లీటరుకు 15, డీజిల్ కారు 20 కిలోమీటర్లు ఇస్తాయనుకున్నా ఏడాదికి మిగిలేది 12 వేలకు మించదు. ధరలో తేడా లక్ష దాటితే అది పూడటానికే ఎనిమిదేళ్లు పైన. పైగా 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక డీజిల్ కార్లకు మసిని పట్టి ఉంచే ఫిల్టర్ చేరింది. దాన్ని శుభ్రం చేసుకోవడానికి ఇంజన్ అప్పుడప్పుడూ హైవే మీద వేడెక్కేలా పరుగెత్తాలి. ఇంటికీ మార్కెట్టుకూ మధ్య తిరిగే బండిలో ఆ ఫిల్టర్ పూడుకుపోతుంది, ఖర్చు వేలల్లోకి వెళుతుంది. డీజిల్ అంటే మొండి ఇంజన్ అన్న నమ్మకం పాత తరానిది. ఈ వాడకానికి టర్బో లేని చిన్న పెట్రోలు ఇంజనే మేలు.

పెట్రోలులోనూ ఒక మెలిక ఉంది. 2025 నాటికి దేశమంతటా బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. దానికి తగిన రబ్బరు, ప్లాస్టిక్ భాగాలతో కార్లు 2023 ఏప్రిల్ నుంచి వస్తున్నాయి. అంతకుముందు ఈ10కి అమర్చిన కార్లకు మైలేజీ 6-7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే అంచనా వేసింది. సెకండ్‌హ్యాండ్ కొనేవారికి ఈ తేదీ ముఖ్యం. నాలుగు రూపాయలు ఎక్కువైనా 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండినే చూడాలి. రేపు ఢిల్లీ తరహా నిబంధన మరో నగరానికి వచ్చినా కొత్త ప్రమాణాల బండి వంతు చివర్లో వస్తుంది.

ఎలక్ట్రిక్ కారు ఈ వయసుకు నిజానికి చక్కగా సరిపోతుంది. రోజుకు పదిహేను కిలోమీటర్లు, ఇంట్లోనే చార్జింగ్, గేర్లు లేవు, ఆయిల్ మార్పు లేదు. బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ సాధారణమైంది. 2025లో కొన్ని కంపెనీలు మొదటి యజమానికి 15 ఏళ్ల దాకా భరోసా ఇవ్వడం మొదలుపెట్టాయి. కాకపోతే రెండు షరతులు. సొంత పార్కింగ్‌లో ప్లగ్ పాయింట్ ఉండాలి, అపార్టుమెంట్ సంఘం దయ మీద ఆధారపడకూడదు. రెండోది, ఎనిమిదేళ్ల తర్వాత ఆ కారుకు సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో ఎంత వస్తుందో చెప్పగల అనుభవం ఇంకా మన దేశంలో పోగుపడలేదు. అమ్మే ఆలోచన లేనివారికి ఇబ్బంది లేదు. అవసరమైతే అమ్మి ఆస్పత్రి ఖర్చుకు వాడుకుందామనుకునేవారు పెట్రోలు దగ్గరే ఆగడం క్షేమం.

కారు మన్నికను అందరూ పట్టించుకుంటారు. నడిపే మనిషి మన్నికే ఎవరూ మాట్లాడని విషయం. చట్టం మాత్రం మొహమాటపడదు. 55 ఏళ్లు దాటినవారికి లైసెన్సు ఐదేళ్లకే ఇస్తుంది, ప్రతిసారీ డాక్టరు సర్టిఫికెట్ అడుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి ప్రభుత్వోద్యోగుల రిటైర్మెంట్ 62వ ఏట. తెలంగాణలో 2021 నుంచి 61వ ఏట. ఆ వయసులో కొన్న కారు రిజిస్ట్రేషన్ ముగిసేసరికి యజమానికి 76, 77 వస్తాయి. ఆ మధ్యలో ఒక కంటికో రెండు కళ్లకో శుక్లం ఆపరేషన్, మోకాళ్ల నొప్పులు, మెడ తిప్పలేని రోజులు ఉంటాయి. అరవైలో నచ్చిన కారు డెబ్భైలో ఎక్కడానికి వీల్లేకపోతే దాని ఇంజన్ మరో ఇరవయ్యేళ్లు నడిచినా లాభం లేదు.

కాబట్టి సీటు ఎత్తు చూడాలి. సీటు నడుము ఎత్తుకు దగ్గరగా ఉండి, వంగకుండా, ఎగబాకకుండా పక్కకు కూర్చుని కాళ్లు లోపలికి తీసుకోగలగాలి. మరీ కిందికుండే సెడాన్, మరీ ఎత్తైన ఎస్‌యూవీ రెండూ వృద్ధులకు పరీక్షే. 1998లో శాంత్రో, ఆ మరుసటేడు వేగన్-ఆర్ వచ్చినప్పుడు వాటి పొడుగు ఆకారాన్ని చూసి నవ్వినవారే, తర్వాత అమ్మానాన్నల కోసం వాటిని వెతుక్కున్నారు. టెస్ట్ డ్రైవ్‌కు భార్యాభర్తలిద్దరూ వెళ్లాలి. చీరకట్టుతో వెనక సీట్లోకి ఎక్కడం దిగడం ఎలా ఉందో ఆమే చెప్పాలి. వీలైతే రాత్రి పూట నడిపి చూడాలి.

ఎడమ మోకాలి కోసం ఆటోమేటిక్ గేరు విలాసం కాదు, అవసరం. అందులోనూ రకాలున్నాయి. చవకైన ఏఎంటీ అసలు మామూలు గేరుబాక్సే, క్లచ్ తొక్కే పని యంత్రం చేస్తుంది. బాగుచేయడం తేలిక, కాకపోతే ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కుదుపు ఉంటుంది. టార్క్ కన్వర్టర్ దశాబ్దాలుగా రుజువైన పద్ధతి, మెత్తగా నడుస్తుంది. రెండు క్లచ్‌ల డీసీటీ వేగానికి బాగుంటుంది కానీ ట్రాఫిక్‌లో వేడెక్కే స్వభావం దానిది. ఎక్కువకాలం ఉంచుకునేవారు మొదటి రెండింటిలోనే ఎంచుకోవడం మంచిది. బ్రేకుల్లో ఏబీఎస్, ఆరు ఎయిర్‌బ్యాగులు, 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో మంచి రేటింగ్, ఈ మూడింటి దగ్గర బేరం ఆడకూడదు. పైకప్పు అద్దం, పెద్ద తెరలు, విండ్‌షీల్డ్ మీద కెమెరాల దగ్గర ఆడవచ్చు. వయసు మళ్లే కారులో ముందుగా మొరాయించేవి అవే.

ఇక అసలు లెక్క. 2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలైతే 1200 సీసీ లోపు ఇంజన్ ఉండాలన్నది నిబంధన. అంతకంటే పెద్ద కారు 40 శాతం శ్లాబులో ఉంది. అంటే మనకు సరిపడే కారుకే పన్నూ తక్కువ. 8 లక్షల కారు అనుకుందాం. అదే డబ్బు 2025లో 8.2 శాతం వడ్డీ ఇచ్చిన సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో ఉంటే ఏడాదికి 65,600 రూపాయలు వచ్చేవి. పెట్రోలుకు 36 వేలు, బీమా, సర్వీసింగ్‌కు ఓ 30 వేలు వేసుకున్నా ఏడాదికి లక్షా 30 వేలు దాటుతుంది. నెలకు 11 వేలు. కారు విలువ తరుగుదల దీనికి అదనం. బీమా కంపెనీల పట్టిక ప్రకారమే ఐదో ఏడు దాటేసరికి కారు విలువ సగమవుతుంది. అదే కారు 14 లక్షలదైతే పోయే వడ్డీ ఒక్కటే నెలకు 9,500 పైచిలుకు. పిల్లలు విదేశాల్లో ఉన్న దంపతులకు నడిరాత్రి ఆస్పత్రికి వెళ్లగలిగే ధైర్యం నెలకు 11 వేలు చేస్తుందా? చాలామందికి చేస్తుంది. కానీ అది 20 వేలు చేస్తుందా అన్నది సంతకం పెట్టేముందు వేసుకోవలసిన ప్రశ్న. క్యాబ్‌లు పిలిస్తే పలికే నగరంలో సమాధానం 'అక్కర్లేదు' కూడా కావచ్చు.

కొన్నాక కాపాడుకోవడం కిలోమీటర్ల పని కాదు, క్యాలెండర్ పని. టైరు పక్కన నాలుగంకెల్లో తయారైన వారం, సంవత్సరం ఉంటాయి. అరగకపోయినా ఆరేళ్లకు మార్చాలి. ఇంజన్ ఆయిల్ ఏడాదికొకసారి, తేమ పీల్చే బ్రేక్ ద్రవం రెండేళ్లకొకసారి మార్చాలి. అమెరికాలో మనవడి దగ్గర ఆరు నెలలుండి వచ్చేసరికి బ్యాటరీ చచ్చి ఉంటుంది, ఎలుకలు వైర్లు కొరికి ఉంటాయి. వారానికొకసారి అరగంట నడిపే నమ్మకమైన మనిషిని చూసుకున్నాకే విమానం ఎక్కాలి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర పట్టణాల్లో ఉప్పుగాలి ఇంజన్‌కంటే ముందు రేకును తింటుంది. ఏటా వర్షాల తర్వాత బండి కింది భాగం కడిగించి చూపించుకోవాలి.

మన్నికైన కారు కొనాలనే కోరికలో తప్పేమీ లేదు. పదిహేనేళ్ల పాటు మనల్ని ఇబ్బంది పెట్టని చిన్న పెట్రోలు కారు, నలుగురూ కొనేది, ఎక్కి దిగడానికి తేలికైనది, పొదుపు మొత్తంలో పెద్ద భాగం మింగనిది ఎంచుకుంటే చాలు. ఆ తర్వాత కూడా అది నడుస్తూ ఉంటే సంతోషమే. అప్పటికి పింఛను పూర్తిగా వస్తుంటుంది, స్టీరింగ్ ఎవరికి అప్పగించాలో తీరికగా ఆలోచించుకోవచ్చు.